తడిసిన కేసెట్టు

జక్కరయ్య రేడియో షాపు ఎత్తేసిన ఏడాది
అటక దులిపి, రూపాయికి రెండు చొప్పున
నాకు అంటగట్టిన కేసెట్లలో
ఒకటి ఇంగ్లీషుది.
తొంభై ఆరు తుపానులో మూడు రోజులు నానిందట.
అట్టమీద పేరు కొట్టుకుపోయింది.
మిగిలింది ఒక ఎర్ర చొక్కా, ఒక గిటారు మెడ,
దానిమీద నాలుగు వేళ్లు.
ముఖం ఉండాల్సిన చోట బురద మచ్చ.

పేరు తెలియని మనిషిని ఏమని పిలుస్తాం?
ఎర్ర చొక్కా ఆయన అన్నాను.
ఇరవై రెండేళ్లుగా అలాగే అంటున్నాను.

మధ్యాహ్నం లేసు అల్లడానికి కూర్చుంటే
ఒళ్లో క్రోషా సూది, పక్కన ఆయన.
మొదట అంతా గోలే,
నరసాపురం రేవులో పంటు ఇంజను ఎక్కిళ్లు పెట్టినట్టు.
మూడోసారో నాలుగోసారో
ఆ గోలలోంచి ఒక్క స్వరం లేచింది.
లేచి ఊరుకోలేదు, వంగింది,
పండుగొప్ప పడ్డ గాలపు కర్ర వంగినట్టు.
తెగుతుందనుకున్నాను.
తెగలేదు.
నా చేతిలో గొలుసు కుట్టు లెక్క తప్పింది.
ఆ ముక్కని ఏజెంటు తిరగ్గొట్టాడు.

గిటారు చర్చిలోది.
"ఈ వయసులో ఎందుకమ్మా కరుణమ్మా"
అంటూనే పాస్టరుగారు బీరువా తాళం ఇచ్చారు.
ఆయనది కరెంటు గిటారు, నాది కర్ర డబ్బా.
ఐదు తీగలున్నాయి. ఆరోది
మా మరిది గాలానికి కట్టే నైలాను.
అది పలకదు, దగ్గుతుంది.

నేర్పేదెవరు?
పెట్టడం, ఆపడం,
బాల్‌పెన్ను దూర్చి వెనక్కి తిప్పడం.
రెండు క్షణాల వాయింపుకి ఒక వానాకాలం.
స్వరాల పేర్లు నాకు తెలీవు,
లేసు లెక్క తెలుసు:
మూడు గొలుసులు, ఒక పొడుగు కుట్టు, ఒకటి వదిలెయ్, మళ్లీ మూడు.
గ్యాసు బుక్కు వెనక అలాగే రాసుకున్నాను.
సూదికి కాయకాచింది కుడిచేతి వేలు,
తీగకి కావాల్సింది ఎడమచెయ్యి.
అదీ కాచింది, నాలుగు నెలలకి.
అంతవరకు బట్టలుతికితే
సబ్బు నేరుగా ప్రాణానికే తగిలేది.

ఆ వంగే స్వరం మాత్రం రాలేదు.
వంచడం వచ్చింది. కానీ పైకి వెళ్లాక
ఆయన చెయ్యి వణుకుతుంది.
ఒక్క క్షణం జారి,
రేవు తాకేముందు పంటు ఊగినట్టు ఊగి,
మళ్లీ అందుకుంటుంది.
ఎంత దుఃఖం ఉంటే అలా వణకాలి అనుకునేదాన్ని.
ఎవరు పోయారో పాపం అనుకునేదాన్ని.
మూడేళ్లు పట్టింది ఆ వణుకు.
వచ్చినరోజు ఎవరికీ చెప్పలేదు.
వంజరం తెచ్చి పులుసు పెట్టాను.

మొన్న నేను వాయిస్తుంటే
పక్కింటి షారోను ఫోను దగ్గరగా పెట్టింది, అంతే,
పాట దొరికేసింది.
పేరు కూడా వచ్చింది.
చదవబోతే వద్దన్నాను.
పెట్టు, విందాం అన్నాను.

ఉతికి గంజిపెట్టిన దుప్పటిలా ఉంది.
ఆ స్వరం లేచింది, వంగింది,
తిన్నగా వెళ్లిపోయింది.
మళ్లీ పెట్టించాను.
వణుకు లేదు.

అంటే ఆయన చెయ్యి ఎప్పుడూ వణకలేదు.
నానిన టేపు అక్కడ ముడత పడింది.
మూడేళ్లు నేను శిష్యరికం చేసింది
నీళ్ల దగ్గర.

నవ్వొచ్చింది. తర్వాత కొంచెం సిగ్గేసింది,
ఎవరింటికో వెళ్లి
జరగని చావుకి ఏడ్చొచ్చినట్టు.

ఆ రాత్రి కరెంటు పోయింది.
సఖినేటిపల్లి వైపు ఆఖరి పంటు లైటు
గోదావరి మీద నెమ్మదిగా చిన్నదవుతోంది.
గుమ్మంలో కూర్చుని
తిన్నగా వాయిద్దామని చూశాను, అచ్చం ఆయనలాగే.
వేళ్లు వినలేదు.
అక్కడికి రాగానే
వాటంతట అవే తడిసిపోయాయి.

"అత్తా, అక్కడ తప్పు పోయింది"
చీకట్లోంచి షారోను.

"అక్కడ తుపానొచ్చిందే" అన్నాను.
"అప్పటికి నువ్వు పుట్టలేదు."